గుండె వాల్వు జబ్బున్న గర్భిణి మందులు మానాలా?

"కీళ్లవాత జ్వరంతో (రుమాటిక్ ఫీవర్) గుండె వాల్వు చెడినవాళ్లు కడుపుతో ఉంటే పెన్సిలిన్ సూది, మాత్రలు మానెయ్యాలి. బిడ్డకు చేటు. ఆయాసం అందరికీ ఉండేదే. కాన్పుకు సిజేరియన్ ఆపరేషన్ చేయించుకుంటే గండం గడిచినట్టే." శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఫోన్ల మీద తిరుగుతున్న ఈ మాటను నమ్మొద్దు.

21 రోజులకోసారి వేసే 12 లక్షల యూనిట్ల పెనిడ్యూర్ అనే పెన్సిలిన్ సూది బిడ్డకు హాని చెయ్యదు. మానేస్తే గొంతు ఇన్‌ఫెక్షన్ తిరగబెట్టి, దాంతో కీళ్లవాత జ్వరం మళ్లీ వచ్చి వాల్వు ఇంకా పాడవ్వొచ్చు. జబ్బు బాగా ముదిరి ఆయాసపడేవాళ్లు సూది వేయగానే కుప్పకూలే ప్రమాదం ఉంది. వాళ్లకు డాక్టరు పెన్సిలిన్ మాత్రలు రాస్తారు.

అన్నిటికన్నా ప్రమాదం "ఆయాసం మామూలే" అన్నది. గుండె ఎడమవైపు పై గది నుంచి కింది గదికి రక్తం దిగే మైట్రల్ వాల్వు దారి మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు. అది 1.5కి తగ్గితే జబ్బు తీవ్రమైనట్టే. గర్భిణికి ఏడెనిమిది నెలలకల్లా ఒంట్లో రక్తం 40-50 శాతం పెరుగుతుంది, గుండె వేగమూ పెరుగుతుంది. ఆ ఇరుకు దారిలో రక్తం దిగడానికి సమయం చాలక వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మెటోప్రొలాల్ ఇచ్చేది గుండె వేగం తగ్గించి ఆ సమయం ఇవ్వడానికే. వెల్లకిలా పడుకోలేకపోవడం, రాత్రి ఊపిరాడక లేచి కూర్చోవడం, పడుకుంటే దగ్గు, గులాబీ రంగు కళ్లె, కూర్చున్నా నాడి నిమిషానికి 110 దాటడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చెయ్యండి. నీరసమని ఊళ్లో సెలైన్ ఎక్కించుకోవద్దు, ఆ నీరు నేరుగా ఊపిరితిత్తులకే చేటు. ఆయాసానికి వేసే డెరిఫిలిన్ సూది గుండె వేగాన్ని ఇంకా పెంచుతుంది. మందులతో తగ్గకపోతే 20 వారాలు దాటాక బెలూన్‌తో వాల్వు తెరవొచ్చు.

లోహపు వాల్వు ఉన్నవాళ్లు రక్తం గడ్డకట్టకుండా వాడే అసిట్రోమ్ మాత్ర సొంతంగా ఆపితే రక్తం గడ్డకట్టి వాల్వు మూసుకుపోతుంది. 6 నుంచి 12 వారాల మధ్య ఆ మందుతో బిడ్డకు ఇబ్బంది ఉన్నమాట నిజమే. అందుకే నెల తప్పగానే డాక్టర్ని కలిస్తే మోతాదు చూసి, అదే పని చేసే హెపారిన్ సూదికి మార్చాలో లేదో చెప్తారు.

ఇక కాన్పు. ఎక్కువమందికి నొప్పి తెలియకుండా మందిచ్చి, చివర్లో ముక్కనివ్వకుండా పరికరంతో బిడ్డను తీసే మామూలు కాన్పే మేలు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండొందల కిలోమీటర్ల పైమాటే, కాబట్టి నొప్పులు మొదలవకముందే గుండె డాక్టరు, ఐసీయూ ఉన్న ఆసుపత్రిలో చేరాలి.

బిడ్డ పుట్టగానే గర్భసంచి ముడుచుకుని అందులోని రక్తమంతా ఒక్కసారి గుండెకు చేరుతుంది. రక్తస్రావం ఆపడానికి వేసే, బీపీ పెంచే మెథర్జిన్ సూది వెయ్యొద్దని సిస్టరుకు ముందే చెప్పండి. తొలి 72 గంటల్లో ఎంత బాగున్నా డిశ్చార్జి అడగొద్దు.