కాలమ్‌కో ఇఫ్ రాస్తేనే సేఫా? ఎవరు చెప్పారు?

"యూజర్ ఏ కాలమ్ మీద నొక్కితే దాని ప్రకారం సార్ట్ చేయాలంటే కాలమ్‌కో ఇఫ్, ఇఫ్‌కో క్వెరీ రాయండి. అదే సేఫ్, అదే ఫాస్ట్, కొత్తవాళ్లకీ ఇట్టే అర్థమవుతుంది." మా నాందేడ్ జిల్లా ప్రోగ్రామర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. (ఇఫ్ అంటే 'ఇలా అయితే ఇది చెయ్' అనే షరతు, క్వెరీ అంటే డేటాబేస్‌కు పంపే ప్రశ్న.) ధర్మాబాద్‌లో మిర్చి అడ్తి దుకాణాలకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ఇందులో ఒక్క ముక్కే నిజం.

ఆ ముక్క ఇది: యూజర్ నుంచి వచ్చిన కాలమ్ పేరును తెచ్చి క్వెరీలో అతికిస్తే ఎవరైనా ఆ పేరు చోట తమ ఆదేశం దూర్చేయొచ్చు, ఆ ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌తో కొంప మునుగుతుంది. పోనీ పారామీటర్‌గా (క్వెరీకి విడిగా ఇచ్చే విలువగా) పంపుదామా అంటే, ఆర్డర్ బై (క్వెరీలో క్రమం చెప్పే భాగం) దగ్గర అది కాలమ్ కాదు, ఉత్త అక్షరాలే, అన్ని వరుసలకూ ఒకటే విలువ. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఎర్రర్ కూడా రాదు, క్రమం మాత్రం మారదు. అయితే దీనికి మందు ఇఫ్‌ల గుట్ట కాదు, ఒక చిన్న మ్యాప్, అంటే ఏ పేరుకు ఏ కాలమ్ అని చెప్పే జాబితా. 'ధర' అని వస్తే ఈ కాలమ్, 'ఊరు' అని వస్తే ఆ కాలమ్, మ్యాప్‌లో లేని పేరొస్తే తేదీ ప్రకారం చూపించు. క్వెరీలోకి వెళ్లేది మనం రాసుకున్న పేరే, వాళ్లు పంపింది కాదు. ఇఫ్‌లు ఇచ్చే రక్షణ కూడా ఇంతే కదా!

అర్థమవుతుందన్న మాటకొద్దాం. రైతు పేరు, ఊరు, రకం, బస్తాలు, ధర, తేదీ, మొత్తం ఆరు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి కలిపితే ఒకే క్వెరీకి 12 నకళ్లు. ఇంకా వేలం కాని సరుక్కి ధర ఖాళీగా ఉంటుంది, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పెద్ద ధర ముందు రావాలంటే ఆ ఖాళీలే ఎక్కి పైన కూర్చుంటాయి, సేట్ ఫోన్ చేసి "రేటే లేని మాల్ పైనెందుకుంది భాయ్" అంటాడు. ఖాళీలు చివరికి వెళ్లేలా నల్స్ లాస్ట్ అని పెట్టాలి. ఒకే తేదీకి బోలెడు ఎంట్రీలుంటే రెండో పేజీలో మొదటి పేజీ వరుసే మళ్లీ రావచ్చు, ఇంకోటి అసలు కనబడకపోవచ్చు, అందుకే ఆర్డర్ బై చివర ఒక్కో ఎంట్రీకి వేరుగా ఉండే ఐడీ కూడా చేర్చాలి. మ్యాప్ ఉంటే ఇవన్నీ ఒక్కచోట సర్దుకుంటాయి. 12 నకళ్లలో ఏదో ఒకటి మర్చిపోతారు, పైగా అది ఎవరూ నొక్కని కాలమ్‌ది అయ్యుంటుంది, నెలల తర్వాత గానీ బయటపడదు.

"ఒక్కో కాలమ్‌కు ఒక్కో తిప్పలుంటుంది, అన్నీ ఒకే దారిలో కుదరవు" అని కొందరు దానికి తోక తగిలిస్తున్నారు. తిప్పలుంటే ఉండనీయండి. మా దగ్గర కొందరు రైతుల పేర్లు మరాఠీలో, కొందరివి తెలుగులో ఉంటాయి, యూనికోడ్ క్రమంలో దేవనాగరి ముందు కాబట్టి మరాఠీ పేర్లన్నీ అయ్యాకే తెలుగు పేర్లు మొదలవుతాయి. అందుకని ఎంట్రీ అప్పుడే పేరును ఒకే లిపిలో ఇంకో కాలమ్‌లో దాచి, మ్యాప్‌లో 'పేరు' ఎదురుగా దాన్ని పెట్టేయొచ్చు, అంతే.

ఫాస్ట్ అనేది ఒట్టి మాట. ఇఫ్‌తో కట్టినా మ్యాప్‌తో కట్టినా డేటాబేస్‌కు చేరేది అదే క్వెరీ. నిజంగా నెమ్మదించేది ఆర్డర్ బైలో పెద్ద కేస్ (క్వెరీ లోపలే రాసే ఇఫ్ లాంటిది) పెట్టినప్పుడు, మామూలు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ ఉంచుకునే సూచిక) పనికిరాదు, తేదీనీ అంకెనూ ఒకే కేస్‌లో కలిపితే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు కూడా.

రెండే కాలమ్‌ల రిపోర్టుకు ఇఫ్ రాసుకుంటే నేనేమీ అనను. మూడోది అడిగిన రోజు మాత్రం మ్యాప్‌కు మారండి, అడక్కుండా ఉండే సేట్‌ను నేనైతే చూడలేదు.