ఫషోడా చరిత్రలో షిల్లుక్‌లు ఎక్కడ?

ప్రపంచ చరిత్ర పుస్తకాల్లో ఫషోడాకు దక్కేది ఒకటి రెండు పేరాలే. 1898లో బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధం దాకా వెళ్లి ఆగిపోయిన చోటు అని రాసి వదిలేస్తారు. ఆ ఊరు ఎవరిది, తగాదా అక్కడే ఎందుకొచ్చింది అన్న ప్రశ్నలు కనిపించవు. నా దృష్టిలో ముందు అడగాల్సినవి అవే.

నేటి దక్షిణ సూడాన్‌లో, వైట్ నైలు పడమటి ఒడ్డున ఉంది ఈ చిన్న పట్టణం. ఎగువన సడ్ అనే విశాలమైన చిత్తడి ప్రాంతం. నైలు అక్కడ పాపిరస్ పొదల్లో పాయలు పాయలుగా చెదిరి, దాదాపు సగం నీటిని ఆవిరిగా పోగొట్టుకుంటుంది. ఆ తర్వాత సోబాట్ నది వచ్చి కలిశాకే మళ్లీ పుంజుకుంటుంది. ఫషోడా ఆ సంగమానికి దిగువన ఉంది కాబట్టి, ఎగువ నైలుకు పడవల్లో వెళ్లాలంటే దీన్ని దాటాల్సిందే. 1855లో ఈజిప్టు ఇక్కడ కోట కట్టింది కూడా అందుకే.

1893లో విక్టర్ ప్రాంప్ట్ అనే ఫ్రెంచి ఇంజినీరు ఎగువ నైలుపై ఆనకట్ట కడితే ఈజిప్టు నీళ్లను శాసించవచ్చని వాదించాడు. ఈజిప్టును చేతిలో పెట్టుకున్న బ్రిటన్‌కు టెన్షన్ పట్టుకుంది. ఫ్రాన్స్ పంపిన మార్షాన్ దళం అట్లాంటిక్ తీరం నుంచి ఆఫ్రికాకు అడ్డంగా రెండేళ్లు ప్రయాణించి, 1898 జూలై 10న ఇక్కడికి చేరింది. సెప్టెంబరులో బ్రిటిష్ సేనాని కిచెనర్ గన్‌బోట్లతో వచ్చాడు. డిసెంబరులో ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయారు. 1904లో ఆ రెండు దేశాలకు స్నేహం కుదిరాక, పాత చేదు గుర్తుకు రాకూడదని పట్టణానికి కోడోక్ అని పేరు మార్చారు. అక్కడి జనం ఒప్పుకున్నారా అన్నది ఎవరికీ పట్టలేదు.

ఆ జనం షిల్లుక్‌లు. శతాబ్దాలుగా ఈ ఒడ్డు పొడవునా వాళ్ల ఊళ్లు బారులు తీరి ఉన్నాయి. వాళ్ల రాజును రెత్ అంటారు. ఆదిపురుషుడు న్యికాంగ్ ఆత్మ కొత్త రెత్‌లోకి ప్రవేశిస్తుందని వాళ్ల నమ్మకం. పట్టాభిషేకంలో న్యికాంగ్ ప్రతిమ వెంట నడిచే సేన, కాబోయే రాజు సేనతో ఉత్తుత్తి యుద్ధం చేసి అతణ్ణి బందీగా పట్టుకుంటుంది. ఆ తర్వాతే సింహాసనం. రాజును ముందు ఓడించి, ఆ పైన గద్దెనెక్కించే ఈ తంతులో గొప్ప రాజకీయ ఆలోచన ఉంది. కిచెనర్, మార్షాన్‌ల భేటీకి పేజీలు కేటాయించేవాళ్లు దీని గురించి ఒక్క వాక్యమైనా రాయకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

షిల్లుక్‌ల కష్టాలు 1898తో ఆగలేదు. 2017లో దక్షిణ సూడాన్ అంతర్యుద్ధం కోడోక్‌ను ఖాళీ చేయించింది. చాలామంది సూడాన్‌కు పారిపోయారు. 2023లో అక్కడా యుద్ధం మొదలవడంతో ఎందరో వెనక్కి రావాల్సి వచ్చింది.

నీటి మీద బయటివాళ్ల చూపు ఇంకా పోలేదు. సడ్‌ను తప్పించి నీళ్లను నేరుగా సోబాట్ సంగమానికి మళ్లించే జోంగ్లే కాలువను 1978లో తవ్వడం మొదలుపెట్టారు. 1984లో తిరుగుబాటుదారుల దాడులతో పని ఆగింది. దాన్ని పూర్తి చేయాలన్న మాట మళ్లీ మళ్లీ వస్తోంది. అలా వచ్చినప్పుడల్లా కైరోకు ఎన్ని నీళ్లు దక్కుతాయన్నదే చర్చ. చిత్తడి మీద, ఈ ఒడ్డు మీద బతికేవాళ్ల అనుమతి లేకుండా అక్కడ ఒక్క గడ్డపార కూడా దిగకూడదు.