ఉన్న ఫైర్‌వాల్‌ను ఆపేసి ‘లైట్’ ఫైర్‌వాల్ వేసుకోమనే సలహా పాటించకండి

కంప్యూటర్‌లోకి వచ్చే, బయటికి పోయే నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను వడకట్టేదే ఫైర్‌వాల్. దాని గురించి చాలామందికి చేరిన ఒక సలహా ఉంది. ఆ సలహా సారం ఇది: "విండోస్‌తో వచ్చే ఫైర్‌వాల్ పేరుకే. లోపలికి వచ్చేవాటిని ఆపుతుంది తప్ప బయటికి పోయేవాటిని పట్టించుకోదు. పైగా సిస్టమ్‌ను స్లో చేస్తుంది. ముందు దాన్ని ఆపేయండి. తక్కువ ర్యామ్ తీసుకునే ఉచిత ఫైర్‌వాల్ ఒకటి వేసుకోండి, రెండు వేస్తే ఇంకా భద్రం. ఫైర్‌వాల్ మంచిదైతే యాంటీవైరస్ కూడా అక్కర్లేదు."

మా చిన్నాన్న ఇది చదివి మొదటి సగం మాత్రమే పాటించారు. పాత ఫైర్‌వాల్ ఆపేయడం రెండు క్లిక్‌ల పని, అయిపోయింది. కొత్తది ఏది వేసుకోవాలో తేలక ఆ పని రేపటికి, ఎల్లుండికి జరుగుతూ పోయింది. నేను వేరే పని మీద ఆ కంప్యూటర్ ముందు కూర్చునేసరికి కొన్ని నెలలుగా ఏ ఫైర్‌వాల్ లేకుండానే నడుస్తోంది. ఈ సలహా రాసినవాళ్లకు చెడు ఉద్దేశం ఉందని నేను అనుకోను. కానీ దీన్ని నమ్మి ఇలా సగంలో ఆగిపోయేవాళ్లు ఇంకా ఎంతమంది ఉంటారో అన్నదే నా టెన్షన్. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"బయటికి పోయేవాటిని పట్టించుకోదు." ఈ మాట ఒకప్పుడు నిజం. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉండేది కానీ మామూలుగా ఆఫ్‌లో ఉండేది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ (కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు తానే పాకే వైరస్ లాంటిది) వచ్చింది. ఎవరూ ఏ ఫైలూ తెరవకుండానే, ఇంటర్నెట్‌కు తగిలించి ఉన్న కంప్యూటర్లలోకి 135వ పోర్ట్ (కనెక్షన్లు వచ్చే నంబరు తలుపు) గుండా దూరిపోయింది. ఆ మరుసటి ఏడాది ఎక్స్‌పీకి ఇచ్చిన సర్వీస్ ప్యాక్ 2 అనే పెద్ద అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ ఫైర్‌వాల్‌ను ముందే ఆన్ చేసి ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటికీ అది వచ్చే ట్రాఫిక్‌నే చూసేది, పోయేదాన్ని వదిలేసేది. విడిగా ఫైర్‌వాల్ వేసుకోమని ఆ రోజుల్లో చెప్పినవాళ్లది మంచి సలహానే.

2007లో ఎక్స్‌పీ తర్వాతి విండోస్ అయిన విస్టాతో పరిస్థితి మారింది. విండోస్ ఫిల్టరింగ్ ప్లాట్‌ఫామ్ అనే కొత్త పునాది వచ్చింది, బయటికి పోయే ట్రాఫిక్‌కూ రూల్స్ రాసే వీలు వచ్చింది. అయితే మనం ఏమీ మార్చకపోతే దాని పద్ధతి ఇలా ఉంటుంది: లోపలికి వచ్చేదానికి అనుమతి రూల్ లేకపోతే ఆపుతుంది, బయటికి పోయేదాన్ని ఆపమని రూల్ ఉంటేనే ఆపుతుంది. ఏదైనా ప్రోగ్రామ్ బయటికి కనెక్ట్ కాబోతుంటే మనల్ని అడగదు కూడా. రూల్స్ రాసే కిటికీ కొత్తవాళ్లను బెదరగొట్టేలా ఉంటుందని నేనూ ఒప్పుకుంటాను. ఇక్కడ ఉన్న లోటు అంతవరకే. ఆ పని అసలు చేతకాదనడం పాత రోజుల మాట.

"సిస్టమ్‌ను స్లో చేస్తుంది, తక్కువ ర్యామ్ తీసుకునేది వేసుకోండి." సలహా మొత్తంలో ఎక్కువ పక్కదారి పట్టించేది ఇదే. ప్యాకెట్లను, అంటే నెట్‌వర్క్‌లో వచ్చేపోయే డేటా ముక్కలను, వడకట్టే పని విండోస్ లోపలి పొరల్లో, నేను పైన చెప్పిన ఆ ప్లాట్‌ఫామ్‌లో జరుగుతుంది. చిన్నవి, ఉచితమైనవి అని అందరూ మెచ్చుకునే టైనీవాల్, సింపుల్‌వాల్ కూడా వాడుకునేది దాన్నే. అవి తేలిగ్గా ఉండటానికి కారణం కూడా అదే: బరువైన పని అంతా విండోస్‌లో ముందే ఉంది. విండోస్ ఫైర్‌వాల్ తీసేస్తే బరువు దిగిపోతుందనుకోవడం పొరపాటు.

ఇంకొందరు ఒక అడుగు ముందుకేసి, ఫైర్‌వాల్ సర్వీస్‌నే (వెనకాల ఎప్పుడూ నడిచే భాగాన్ని) డిసేబుల్ చేయమంటారు. దయచేసి ఆ పని చేయకండి. సర్వీస్‌ను ఆపడాన్ని తాము సపోర్ట్ చేయబోమని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా రాసింది. స్టార్ట్ మెనూ పనిచేయకపోవచ్చు, స్టోర్ యాప్‌లు ఇన్‌స్టాల్ కాకపోవచ్చు అని కూడా హెచ్చరించింది. సెట్టింగ్స్‌లో ఫైర్‌వాల్ ఆఫ్ చేయడం వేరు, సర్వీస్‌ను చంపేయడం వేరు. రెండోది మరింత ప్రమాదం.

ఇక టాస్క్ మేనేజర్‌లో కనిపించే ర్యామ్ అంకె. చాలాసార్లు అది మనకు కనిపించే కిటికీదీ, దాని సర్వీస్‌దీ లెక్క మాత్రమే. డ్రైవర్, అంటే విండోస్ లోపలి పొరల్లో నడిచే దాని భాగం, ఎంత పని చేస్తోందో అందులో తెలియదు. తేలికైనదా కాదా అని చూసేటప్పుడు నేను అడిగే ప్రశ్నలు వేరు. సొంత డ్రైవర్ తెచ్చి పెడుతుందా, లేక విండోస్‌లో ఉన్నదాన్నే వాడుకుంటుందా? కిటికీ మూసేసినా రూల్స్ అమల్లో ఉంటాయా? అన్నిటికన్నా ముందు, దాన్ని తయారుచేసినవాళ్లు ఇంకా అప్‌డేట్లు ఇస్తున్నారా? పాత జాబితాల్లో సైగేట్ అనే ఫైర్‌వాల్ పేరు ఇప్పటికీ కనిపిస్తుంది. దాన్ని తయారుచేసిన కంపెనీని 2005లో సిమాంటెక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనేసి ఆ ఫైర్‌వాల్‌ను ఆపేసింది. ఎక్స్‌పీ రోజుల్లో అది నిజంగా తేలికైనదే. కానీ అప్పటి 32 బిట్ డ్రైవర్లు ఇప్పటి 64 బిట్ విండోస్‌లో లోడే కావు. పైగా సొంత వెబ్‌సైట్ కూడా మూతపడ్డ ప్రోగ్రామ్‌ను ఎక్కడో ఓ డౌన్‌లోడ్ సైట్ నుంచి తెచ్చుకుంటే, దానితోపాటు ఇంకేమి వస్తుందో ఎవరు చెప్పగలరు?

"రెండు వేస్తే ఇంకా భద్రం." ఇది పూర్తిగా తప్పు. రెండు ఫైర్‌వాల్స్ ఉంటే ఏ కనెక్షన్ అయినా రెండింటినీ దాటాలి. ఒకదానిలో అనుమతి ఇచ్చినా రెండోది ఆపేస్తుంది, ఆపింది ఏదో మనకు తెలియదు. ప్రింటర్ కనబడదు, వీడియో కాల్ కలవదు. చివరికి విసిగిపోయి రెండింటినీ ఆపేస్తాం. విండోస్ ఫైర్‌వాల్ కంట్రోల్ అనే ప్రోగ్రామ్ లాంటిది మాత్రం రెండో ఫైర్‌వాల్ కిందికి రాదు. అది విండోస్ ఫైర్‌వాల్‌కే సులువైన పిడి లాంటిది.

"యాంటీవైరస్ అక్కర్లేదు." బ్రౌజర్‌కు ప్రతి ఫైర్‌వాల్‌లోనూ అనుమతి ఇచ్చే ఉంటాం, లేకపోతే నెట్ వాడలేం. మోసపు ఫైల్ ఆ తలుపులోంచే వస్తుంది, దాన్ని తెరిచేదీ మనమే. అది అడ్మిన్ పర్మిషన్ అడిగినప్పుడు మనం ‘ఎస్’ అంటే, ఫైర్‌వాల్‌లో తనకు కావలసిన రూల్ తానే రాసుకోగలదు. 2017 మేలో, ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే వార్మ్ 445వ పోర్ట్ మీదుగా పాకింది. దాన్ని ఆపే అప్‌డేట్ అదే ఏడాది మార్చిలోనే వచ్చేసింది. ఫైల్ షేరింగ్ కోసం ఆ పోర్ట్‌ను లోపల తెరిచి ఉంచుకున్న నెట్‌వర్క్‌లలో ఫైర్‌వాల్ ఉన్నా చేయగలిగింది తక్కువ. అక్కడ కాపాడేది అప్‌డేటే.

ఇంట్లో రూటర్ ఉంది కదా అనేవాళ్లకు ఒక్క మాట. పిలవని కనెక్షన్లను రూటర్ చాలావరకు ఆపేస్తుంది, నిజమే. కానీ ల్యాప్‌టాప్ ఇంట్లోనే ఉండదు. తెలియని వైఫైకి కలిసినప్పుడు దాన్ని ‘పబ్లిక్’గా పెట్టుకోవాలి. అప్పుడు విండోస్ మరింత కఠినంగా ఉంటుంది.

బయటికి పోయేవాటిపైనా అదుపు కావాలనుకునేవాళ్లు ఉన్నారు, ఆ కోరిక న్యాయమైనదే. పాపప్‌లతో విసిగించకుండా ఉండాలంటే టైనీవాల్ చూడండి. మీరు అనుమతించని ప్రోగ్రామ్‌లను ఊరికే ఆపేస్తుంది, కావలసినవాటిని మీరే చేర్చుకోవాలి. ప్రతి ప్రోగ్రామ్‌నూ ఒక జాబితాలో చూసి టిక్ పెట్టుకునే ఓపిక ఉంటే సింపుల్‌వాల్ బాగుంటుంది. రూల్స్ విండోస్ ఫైర్‌వాల్‌లోనే ఉండాలి, కాకపోతే సులువుగా రాసుకోవాలి అంటే పైన చెప్పిన విండోస్ ఫైర్‌వాల్ కంట్రోల్ సరిపోతుంది. ఏది వాడినా ఒక జాగ్రత్త: ‘ఎస్‌వీసీహోస్ట్’ అనే పేరు చూసి భయపడి ఆపేయకండి. విండోస్ సర్వీసులు చాలావరకు ఆ పేరుతోనే నడుస్తాయి. దాన్ని ఆపేస్తే అప్‌డేట్లు ఆగిపోతాయి. భద్రత కోసం చేసిన పనే భద్రతను దెబ్బతీస్తుంది. అడిగిన ప్రతిసారీ చదవకుండా ‘అలౌ’ నొక్కే అలవాటు ఉంటే మాత్రం ఇవేవీ వద్దు, ఉన్నదే చాలు.

ఉబుంటు లినక్స్ వాడేవాళ్లకు యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ సిస్టమ్‌తోనే వస్తుంది, కాకపోతే మనమే ఆన్ చేసుకోవాలి. మ్యాక్‌లో ఉన్న ఫైర్‌వాల్ లోపలికి వచ్చేవాటినే చూస్తుంది. బయటికి పోయేవాటికి లూలూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది.

చిన్నాన్న కంప్యూటర్‌లో నేను కొత్తగా ఏమీ వేయలేదు. డొమైన్ (ఆఫీసు), ప్రైవేట్, పబ్లిక్ అనే మూడు రకాల నెట్‌వర్క్‌లకూ ఫైర్‌వాల్ ఆన్ చేశాను. తర్వాత అనుమతి ఉన్న యాప్‌ల జాబితా తెరిచి ఆయన పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చదివాను. ఎప్పుడో ఆడి మానేసిన ఆట ఒకటి, తీసేసిన ప్రింటర్ తాలూకు ప్రోగ్రామ్ ఒకటి పబ్లిక్ నెట్‌వర్క్‌లో కూడా అనుమతితో ఉన్నాయి. వాటి టిక్‌లు చిన్నాన్నే తీసేశారు.