గోడ మీద నాలుగోది

అక్క ఊరెళ్ళి తిరిగొచ్చిన సాయంత్రం నేను వాళ్ళింట్లో మేనమామ హోదాలో ఉన్నాను. అంటే ఐదేళ్ళ చింటూ నా వీపు మీద, రెండున్నరేళ్ళ బుజ్జి నా ఒళ్ళో, చేతిలో ఎవరూ చదవనివ్వని పుస్తకం. ఆ మధ్యాహ్నమే దిగాను కాబట్టి కింద రాయబోయే నేరాల్లో నాకు వాటా లేదు. అక్క వస్తూనే పిల్లలు కాళ్ళకి చుట్టుకోవడంతో హాల్లో గోడ వైపు చూడకుండానే లోపలి గదిలోకి వెళ్ళి పెట్టె సర్దుకుంటోంది. బావ హాల్లో సోఫా దిండ్లకి ఉతికిన గలీబులు తొడుగుతున్నాడు. మాటలన్నీ గుమ్మం మీదుగా నడిచాయి. ముందే చెబుతున్నా, నేను తటస్థుణ్ణి కాను. ఆ ఇంట్లో ఏ తగువైనా నా ఓటు అక్కకే.

అక్క: ఏమండీ, హాల్లో గోడ చూశారా?

బావ: చూడకుండా ఎలా ఉంటాను? నువ్వటు బయల్దేరావో లేదో ఇటు చూశాను.

అక్క: ఎలా ఉన్నాయి మూడూ?

బావ: ఎలా ఉంటాయి? చూడగానే గుండె ఆగినంత పనైంది.

అక్క: కొట్టొచ్చినట్టుండాలనే కదా మరి.

బావ: ఉండాలనా? నువ్విలా వెనకేసుకురాబట్టే వాళ్ళలా తయారయ్యారు.

అక్క: ఎవరు, పిల్లలా? వాళ్ళకి నచ్చాయా?

బావ: నచ్చడమేంటి, గోడ ముందు గంతులేశారు!

అక్క: చూశారా! పిల్లలున్న ఇంట్లో తెల్లగోడలే నయమని ఇన్నాళ్ళూ నా నోరు మూయించారు. తెల్లగోడంటే ప్రతి వేలిముద్రా సంతకంలా కనబడుతుందని నేను మొత్తుకుంటూనే ఉన్నాను.

బావ: సంతకాల సంగతి నాకొదిలెయ్. ఇద్దర్నీ కూర్చోబెట్టి గట్టిగా విచారించాను.

అక్క: విచారణెందుకండీ, ఏది నచ్చిందో అడిగితే చాలదూ?

బావ: అడిగాను. పసుపుది ఎవరిదిరా అంటే చింటూ చెయ్యెత్తాడు. నీలం ఎవరిదంటే బుజ్జి చెయ్యెత్తింది.

అక్క: ఎరుపుకి?

బావ: ఎరుపుకి ఇద్దరూ ఎత్తారు.

అక్క: రెండు ఓట్లు. అయితే ఎరుపే ఖాయం.

బావ: ఓట్లేంటి సుధా, నేరం ఒప్పుకుంటుంటే! నిజం చెప్పినవాళ్ళకి తలో స్టిక్కరిస్తానన్నాను.

అక్క: ఓటుకి స్టిక్కరా? ఐదేళ్ళవాడికి అప్పుడే ఆ విద్య నేర్పారా?

బావ: ఆ తర్వాత బుజ్జి, సీలింగు కూడా నేనే చేశానని ఇంకో స్టిక్కరడిగింది.

అక్క: సీలింగేం చేసిందీ?

బావ: ఏమీ చెయ్యలేదు. అయినా నిజాయితీ మెచ్చుకుని ఇచ్చాను.

(చింటూ నా చెవిలో, “నేను ఫ్యాను కూడా చేశాను మామయ్యా” అన్నాడు.)

అక్క: సరే, రాత్రి లైట్లేసినప్పుడు నీలం ఎలా ఉంది? పొద్దున కిటికీ వెలుగులో ఒకలా, రాత్రి పసుపు బల్బు కింద ఒకలా ఉంటుంది. నాకు అసలు భయం దాని గురించే.

బావ: రాత్రిదాకా ఎందుకుంచుతాను? మధ్యాహ్నానికే శుభ్రంగా తుడిచేశాను.

అక్క: ఏం తుడిచారు?

బావ: మూడూ.

(పెట్టె మూత పడిన చప్పుడు. తర్వాత అడుగుల చప్పుడు. బుజ్జి నా చొక్కాలోకి తల దూర్చింది. దానికి వాతావరణం బాగా తెలుస్తుంది.)

అక్క: ఏవండీ. అవి నా శాంపిల్స్.

బావ: ఏ శాంపిల్స్?

అక్క: రంగుల శాంపిల్స్! ముదురు పసుపు, నెమలి నీలం, ఇటుక ఎరుపు. ఒక్కోటి రెండేసి కోట్లు. నాలుగు పక్కలా టేపు అంటించి, స్కేలు పెట్టి మరీ చదరంగా వేశాను.

బావ: అదే! నాకూ అదే అనుమానం వచ్చింది! చింటూకి ఇంత తిన్నగా గీయడం ఎప్పుడొచ్చిందా అని. తిడుతూనే లోలోపల గర్వపడ్డాను తెలుసా? ఫొటో తీసి అమ్మకి కూడా పంపాను. మనవడు ఇంజనీరవుతాడంది.

అక్క: దేంతో తుడిచారు?

బావ: తడి గుడ్డకి పోలేదు. తెల్ల స్పాంజి ఉంటుందే, క్రేయాన్ మరకలకి వాడేది...

అక్క: మెలమైన్ స్పాంజి! అది సబ్బు కాదండీ, గరుకు కాగితానికి చెల్లెలు. మరకతో పాటు పెయింటు పొర కూడా గీరేస్తుంది. పెయింటు పైకి ఎండినట్టుంటుంది కానీ లోపల గట్టిపడ్డానికి వారాలు పడుతుంది. ఆ పచ్చి పెయింటు మీద మీ ప్రతాపం చూపించారా?

బావ: ఊడొచ్చిన మాట నిజమే. అందుకే పాత తెల్ల పెయింటు డబ్బాలో అడుగున మిగిలింది తెచ్చి మీద పూశాను. నాకామాత్రం తెలీదా?

అక్క: ఎంత చక్కగా తెలుసో గోడ మీద కనబడుతూనే ఉంది. పాత తెలుపు మీద కొత్త తెలుపు. మూడు చదరాలూ దూరం నుంచి ఊడదీసిన కిటికీల్లా లేవూ?

(ఉన్నాయి. కొత్త ఫ్యాషనేమో అనుకుని నేను ఊరుకున్నాను.)

బావ: అసలు తప్పెవరిది? శాంపిల్ ఎవరైనా ఇంత అట్టముక్క మీద వేసుకుంటారు. ఆ గోడకీ ఈ గోడకీ, కిటికీ దగ్గరకీ సోఫా వెనక్కీ తిప్పి చూసుకుంటారు. నేరుగా గోడ మీద వేసి, ముక్క చెప్పకుండా ఊరెళ్ళిపోతే నేనేమనుకోవాలి?

(ఇది మంచి పాయింటే. అక్క కూడా ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణాన్ని బావ వృథా చేసుకున్నాడు.)

బావ: అయినా నీకు రంగుల పిచ్చి ఎక్కువైంది. ఆ లెక్క ఏదో చెబుతావే, గదిలో ప్రధాన రంగు 60 వంతులు, రెండోది 30, మెరుపులా కనబడేది 10 అని.

అక్క: అవును. తప్పేముంది?

బావ: మనింట్లో 60 వంతులు బొమ్మలు, 30 వంతులు విడిచిన బట్టలు. ఏ రంగేసినా కనబడేది ఆ మిగిలిన 10లోనే.

అక్క: బొమ్మలకి బుట్టలు పెట్టాను. సగం దాచి, వారానికోసారి మార్చి బయటికి తీస్తున్నాను. బట్టలకి కొక్కేలు తెమ్మన్నాను, తెచ్చారు. 1953లో చార్లెస్, రే ఈమ్స్ అని భార్యాభర్తలు, పిల్లలు తమ వస్తువులు తామే తగిలించుకోవాలని రంగు రంగుల గోళాలతో ఒక హ్యాంగర్ చేశారు. మీరు దాని నకలు తెచ్చి ఎక్కడ బిగించారు?

బావ: గోడకి.

అక్క: మీ భుజాల ఎత్తున! రెండున్నరేళ్ళ పిల్ల నిచ్చెనేసుకుని గౌను తగిలించాలా? పుస్తకాల అలమరా మీద పడకుండా గోడకి బిగించమంటే మాత్రం ఇదిగో, అదిగో అంటున్నారు.

బావ: అది మొన్ననే బిగించేశాను. రెండు బ్రాకెట్లు. ఊపి చూడు.

(అక్క ఊపి చూసింది. అలమరా కదల్లేదు. ఏమీ అనలేదు. అక్క భాషలో అది మెచ్చుకోలు.)

బావ: ఇంకో సంగతి. మూడూ తుడిచానంటూ గోల చేస్తున్నావు గానీ, నాలుగోదాన్ని ముట్టుకోలేదు.

అక్క: నాలుగోదేంటి?

బావ: ఊరికే అమాయకత్వం నటించకు. అది చూడగానే నీ చెయ్యి తెలిసిపోయింది. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో! పసుపూ కాదు, పచ్చా కాదు, గోధుమా కాదు. ఒక గంభీరమైన ఆలివ్. ఇన్నేళ్ళలో నీ టేస్టుకి నేను నిజంగా తల వంచింది అక్కడే.

అక్క: ఎక్కడుందది?

బావ: సోఫా పక్కన, మోకాలి ఎత్తులో. నువ్వే కదా చెప్పావు, పిల్లల చేతులందేంత మేర గోడకి కింద ముదురు రంగు, పైన లేత రంగు వెయ్యాలని? అందుకే కింద వేశావని ఇట్టే పట్టేశాను. ఎవరి చెయ్యీ తగలకుండా చుట్టూ టేపు కూడా అంటించాను.

(అక్క వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. చాలాసేపు చూసింది.)

అక్క: ఈ అంచున ఐదు వేళ్ళ గుర్తులున్నాయి.

బావ: అవును, టెక్స్చర్ ఫినిష్.

అక్క: నా చెయ్యి ఇంతుందా?

బావ: చివర్లు పల్చగా లాగావేమో అనుకున్నాను.

అక్క: నేను వేసింది మూడే. మూడు గిన్నెల్లోనూ చెయ్యి ముంచి కలిపితే వచ్చే రంగు ఇది. నేను చేతులు కడుక్కునేలోపు జరిగుండాలి.

బుజ్జి (నా చొక్కాలోంచి): అది నాదీ.

అక్క: బాగుంది. చెయ్యని మూడింటికీ సీలింగుకీ స్టిక్కర్లిచ్చారు. చేసినదానికి మాత్రం నాకు దండం పెట్టారు.

బావ: మరి అడిగినప్పుడు ఇది చెప్పలేదేం?

అక్క: ఇది ఎవరిదని మీరు అడిగితే కదా! మీరు దాని ముందు ధ్యానంలో ఉన్నారాయె.

(ఇక్కడ బావ ముఖంలో రంగు మారింది. ఏ రంగుకి మారిందో చెప్పాలంటే శాంపిల్ కావాలి.)

బావ: సుధా, ఒక చిన్న విషయం. నువ్వు టెన్షన్ పడకూడదు.

అక్క: పడను. చెప్పండి.

బావ: బాల్కనీలో ఒక డబ్బా ఉంది.

అక్క: ఏం డబ్బా?

బావ: నీకు సర్‌ప్రైజ్ ఇద్దామని... ఆ ఆలివ్ రంగే ఒక కాగితం మీద కూడా ఉంది. నువ్వే నాకోసం వదిలావనుకున్నాను. దుకాణానికి పట్టుకెళితే మెషిన్‌లో చూసి అచ్చం అదే కలిపిచ్చారు. నాలుగు లీటర్లు.

అక్క: నాలుగు లీటర్లా! లీటరుతో ఒక కోటు పది చదరపు మీటర్లయినా వస్తుంది. మనం రంగేద్దామనుకున్న గోడ మొత్తం కలిపి పది చదరపు మీటర్లు. మిగిలింది ఎవరికి పూస్తారు, మా తమ్ముడికా?

(నేను పుస్తకంలో లీనమయ్యాను.)

బావ: వెనక్కిచ్చేద్దాం.

అక్క: మన కోసం కలిపిన రంగు ఎవరు వెనక్కి తీసుకుంటారండీ? రేపు ఇంకొకాయన కూతురు చెయ్యి ముంచి సరిగ్గా ఇదే రంగు చేసుకొస్తుందని దాచిపెడతారా?

బావ: నువ్వే చెప్పావు కదా, నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్‌లో 1924లో ట్రూస్ ష్రోడర్ అనే ఆవిడకి ఆర్కిటెక్ట్ రీట్‌వెల్డ్ కట్టిన ఇల్లు. ఎరుపు, నీలం, పసుపు. ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని ఆవిడ అన్ని రంగుల్లో బతికింది. పై అంతస్తులో గదుల మధ్య చాలావరకు గోడలు లేవు, జరుపుకునే పలకలేనని...

అక్క: అదృష్టవంతురాలు. జరిపేసే గోడైతే మీరొచ్చే వేళకి మూల దాచేసేదాన్ని.

(బావ నోరు మూసుకుని బాల్కనీలోంచి డబ్బా మోసుకొచ్చి అక్క ముందు పెట్టాడు. అక్క మూత మీది కాగితం చదివింది. మళ్ళీ చదివింది.)

అక్క: శాటినా?

బావ: మెరుపు లేని మ్యాట్ పెయింటైతే రుద్దినచోటల్లా నిగనిగలాడే మచ్చ పడుతుంది, పిల్లలున్న ఇంట్లో తుడవడానికి కాస్త మెరుపుండే శాటినే మంచిదని నువ్వు నిద్రలో కూడా అంటావు. వాసన తక్కువది, సీసం లేనిది అడిగి మరీ తీసుకున్నాను. రాసుకెళ్ళాను, ఇదిగో చీటీ.

(చీటీ అక్క తీసుకుంది. మడిచి తన పర్సులో పెట్టుకుంది. ఎందుకో నన్నడక్కండి.)

అక్క: ఇన్ని గుర్తున్నాయి గానీ పెళ్ళాం గోడ మీద రంగేస్తుందన్న ఆలోచన మాత్రం రాలేదు.

బావ: వచ్చింది కదా, నాలుగోదాని దగ్గర!

అక్క: చింటూ, ఇలా రా. చేతులు చూపించు. మట్టిలో ఆడావా? బంగారు తండ్రి. ఇదిగో, ఇక్కడ అద్దు.

(చింటూకి జీవితంలో మొదటిసారి గోడ మీద చెయ్యి పెట్టమన్నారు. వాడు నమ్మలేక నా వైపు చూశాడు. అద్దాడు. అందరం వంగి చూశాం.)

బావ: ఎక్కడ పెట్టాడు?

అక్క: అదే వెతుకుతున్నా.

బావ: కనబడ్డం లేదు! నేను చెప్పలే, గంభీరమైన ఆలివ్!

అక్క: ఆలివ్ కాదు, బురద. బురద మీద బురద కనబడకపోతే దానికి కిరీటమెందుకు? కింద మీటరు ఎత్తు ఇది వేద్దాం. పైన ముదురు పసుపు.

బావ: ఎరుపుకి రెండు ఓట్లొచ్చాయి.

అక్క: ఆ ఎన్నిక చెల్లదు. డబ్బు పంచారు.

బావ: స్టిక్కర్లు!

(అంతలో బావ ఫోను మోగింది.)

బావ: అమ్మ.

అక్క: ఎత్తండి. ఆ గీతలు మనవడివి కాదు, కోడలివని చెప్పండి.

బావ: ఇప్పుడెలా చెప్పను? ఆ ఫొటో చుట్టాలందరికీ పంపేసింది. మా బాబాయి అప్పుడే వాడికి ఏ బ్రాంచి మంచిదో చెబుతున్నాడట.

అక్క: ఆహా. గీసిందీ నేనే, పేరు పోగొట్టుకుందీ నేనే. అయితే నా స్టిక్కరేదీ?

బావ జేబులోంచి స్టిక్కర్ల కాగితం తీశాడు. ఇక ఒక్కటే మిగిలింది, ఏనుగు బొమ్మ. తీసి అక్క మణికట్టు మీద జాగ్రత్తగా అంటించాడు.

అక్క: ఏనుగా? ఏంటి మీ ఉద్దేశం?

బావ: అమ్మా, హలో, మళ్ళీ చేస్తానమ్మా.