ఇంటి ముందు రన్‌వే, ఎయిర్‌పోర్టులో కారు

టైమ్ మిగుల్చుకోవడానికి మా మిత్రుడొకాయన మూడేళ్లు ఖర్చుపెట్టాడు. ఎగతాళి చేయడం లేదు, ఆయన లెక్కే చెబుతున్నాను. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు కారులో నలభై నిమిషాలు. అక్కడ ఆయన నాలుగు సీట్ల విమానం ఉంటుంది. "ఎగరాలనుకున్న ప్రతిసారీ రానూపోనూ ఎనభై నిమిషాలు దండగ గురూ. అదే విమానం ఇంటి దగ్గరుంటే?" అన్నాడు. ఆయన ఎగిరేది నెలకు రెండుసార్లు. నెలకు నూట అరవై నిమిషాల ఘోరాన్ని ఏ మనిషి మాత్రం ఎంతకాలం భరిస్తాడు?

అలా ఇంటి వెనక పొలం రన్‌వే అయింది.

సెస్నా 172 లాంటి బుల్లి విమానం నేల విడవడానికి వెయ్యి అడుగుల లోపు పరుగు చాలు. ఎదురుగా యాభై అడుగుల చెట్టుంటే మాత్రం, దాన్ని దాటేదాకా కలిపి 1,600 అడుగులు పైనే కావాలి. అదీ సముద్రమట్టంలో, పొడిగా, చదునుగా ఉన్న గట్టి రన్‌వే మీద. గడ్డి అయితే పరుగు ఇంకో 15 శాతం పెరుగుతుంది. ఎండ ముదిరితే గాలి పలచబడి మరీ పెరుగుతుంది. ఇవన్నీ ఆయనకు కంఠతా వచ్చు. చెట్టు పక్కింటివాళ్లదన్న సంగతి ఒక్కటే ఆలస్యంగా తెలిసింది. ఎనిమిదేళ్లుగా పలకరించని మనిషిని ఆ వారం రోజూ పొద్దునా సాయంత్రం పలకరించాడు.

రన్‌వేకి నంబర్లు కూడా వేయించాడు. దిక్సూచి చూపే డిగ్రీలను పదితో భాగిస్తే వచ్చే అంకె అది. తూర్పు ముఖంగా దిగితే 09, పడమర ముఖంగా దిగితే 27. ఉన్నది ఒక్క రన్‌వే, ఒక్క విమానం, ఒక్క పైలట్. ఆ పైలట్ ఎక్కడ పొరపాటున పక్కవాళ్ల రన్‌వేలో దిగుతాడోనని తెల్లరాళ్లతో అంత పెద్ద అంకెలు.

ఇక ప్రారంభోత్సవం. తెల్లవారుజామున గాలి నిలకడగా ఉంటుందట, అందుకని అందరినీ ఆరింటికల్లా రమ్మన్నాడు. వెళ్లాం. 15 నాట్ల (గంటకు దాదాపు 28 కిలోమీటర్ల) గాలి వీస్తే నిండుగా సాగి నిలబడాల్సిన విండ్‌సాక్, అంటే గాలి వాటం చూపే గుడ్డ గొట్టం, ఆరేసిన తువ్వాలులా వేలాడుతోంది. మేమూ దాదాపు అలాగే ఉన్నాం. ఆయన విమానం తేవడానికి ఐదింటికే కారేసుకుని ఎయిర్‌పోర్టుకు వెళ్లాడట. ఈ వాక్యంలో ఉన్న ప్రమాదం ఆ క్షణాన మాలో ఎవరికీ తట్టలేదు.

చేతి రేడియోలో గొంతు వినిపించింది. విమానాలకు దారి చెప్పే కంట్రోల్ టవర్ లేని చోట పైలట్ తన ఉనికిని తానే చాటుకోవాలి కాబట్టి, ఆకాశంలో కాకి కూడా లేకపోయినా "ట్రాఫిక్, ట్రాఫిక్" అంటూ గంభీరంగా ప్రకటిస్తున్నాడు. ట్రాఫిక్ లేదని కాదు. రన్‌వే నడిమధ్యన ఓ కుక్క కాలెత్తి తన పని ముగించుకుంటోంది. మొదటి ప్రయత్నం దానికి అంకితమైంది. రెండోసారి మరీ ఎత్తులో వచ్చాడు, మూడోసారి మరీ వేగంగా. మాకందరికీ టెన్షన్, కుక్కకు తప్ప. నాలుగోసారి దిగాడు. ఎగిరి మళ్లీ దిగాడు. మళ్లీ ఎగిరి దిగాడు. నేను మూడు ల్యాండింగులు లెక్కపెట్టాను, లాగ్‌బుక్‌లో ఆయన ఒకటే రాసుకున్నాడు. మంచుకు తడిసిన గడ్డి మీద బ్రేకులు పట్టక, విమానం జారుకుంటూ పోయి ఎలుకలు తవ్విన మెత్తటి మట్టిలో ముందు చక్రం దించుకుని ఆగింది.

తొయ్యడానికి పరిగెత్తాం. "ప్రొపెల్లర్ ముట్టుకోవద్దు! అక్కడ నొక్కొద్దు, రేకు సొట్టపోతుంది!" అని లోపల్నుంచే కేకలు. తోసి ఒడ్డున పడేశాక చప్పట్లు కొట్టాం. అప్పుడు వాళ్లావిడ మెల్లగా అడిగింది: "మరి కారేదండీ?"

కారు ఎయిర్‌పోర్టులో ఉంది.

కారు తెచ్చుకోవాలంటే విమానంలో వెళ్లాలి. వెళ్తే కారు ఇంటికొస్తుంది, విమానం అక్కడుండిపోతుంది. విమానం తేవాలంటే కారులో వెళ్లాలి. పులి, మేక, గడ్డిమోపు లెక్కలో పడవవాడికైనా దారి దొరికింది, ఈయనకు దొరకలేదు. చివరికి నేనే దింపాను. నలభై నిమిషాలు వెళ్లడానికి, నలభై రావడానికి.

ఇంతవరకూ నవ్వుకుంటూనే రాశాను. మర్నాడు చూసింది మాత్రం నవ్వులాట కాదు.

ఎగిరే ముందు ట్యాంకు అడుగున నీళ్లు చేరాయేమో చూడాలి. చిన్న పారదర్శకమైన గొట్టంలోకి కాస్త పెట్రోలు వంపి, వెలుగుకు ఎత్తి పట్టాడు. లేత నీలం రంగు, చూడముచ్చటగా ఉంది. నీళ్లు లేవు. తృప్తిగా తలాడించి, దాన్ని గడ్డిలోకి విసిరికొట్టాడు. ఆ గడ్డిలోనే నలుగురు పిల్లలు బంతాట ఆడుతున్నారు.

ఆ నీలం పెట్రోలు పేరు 100ఎల్‌ఎల్. ఎల్‌ఎల్ అంటే లో లెడ్, తక్కువ సీసం. తక్కువ అంటే లీటరుకు 0.56 గ్రాముల దాకా! రోడ్డు మీద కార్లకు సీసం పెట్రోలు అమ్మే చివరి దేశం అల్జీరియా కూడా 2021లో దాన్ని ఆపేసింది. ఈ బుల్లి విమానాలు మాత్రం ఇంకా సీసం చల్లుకుంటూ తిరుగుతున్నాయి. 2023లో అమెరికా పర్యావరణ సంస్థ ఈ పొగ ప్రజారోగ్యానికి ప్రమాదమేనని అధికారికంగా తేల్చింది. పిల్లల మెదడుకు ఇంత సీసం ఫరవాలేదని చెప్పగల మోతాదే లేదు. చాలా చిన్న ఇంజిన్లు సీసం లేని పెట్రోలుతో కూడా నడుస్తాయి, ఈయన ఇంజిన్‌కూ ఆ అనుమతి ఉంది. అడిగితే "అది దొరికే చోటు దూరం" అన్నాడు. దూరమట! రెక్కలున్న మనిషికి! యాభై అడుగుల చెట్టుకు 1,600 అడుగులు లెక్కగట్టినవాడు, మూడడుగుల పిల్లకు ఎన్ని చుక్కలో లెక్కగట్టలేడా? సిగ్గుండాలి. ఆ మాట మొహం మీదే అన్నాను, అందుకే నాలుగు వారాలుగా మాటల్లేవు.

ఈ పొద్దున ఫోన్ చేశాడు. గాలి అడ్డంగా వీస్తోంది, ఎగరడం కుదరదు, కారు మళ్లీ ఎయిర్‌పోర్టులోనే ఉండిపోయింది, దింపగలనా అని. దింపుతాను, కానీ వచ్చేటప్పుడు మూతున్న సీసా ఒకటి కొనుక్కుందాం, ఆ గొట్టంలోది ఇకనుంచి అందులో పొయ్యాలి అన్నాను.

"సీసా ఎందుకు గురూ, గడ్డి ఉందిగా?" అన్నాడు.

ఇంకా నడుస్తూనే ఉండి ఉంటాడు.