అష్టమి, నవమి చూసుకునే బయల్దేరండి

మా వాట్సాప్ గ్రూపులో మళ్ళీ మొదలైంది. భీమిలి నుంచి కళింగపట్నం దాకా సముద్రం వెంబడి నడవాలట. రోజుకి 30 కిలోమీటర్లు, మూడ్రోజుల్లో ముగింపు. ఎక్సెల్ షీటు కూడా వచ్చేసింది. బూట్ల గురించి నలభై మెసేజీలు, టెంటు రంగు గురించి పాతిక. గోస్తనీ, చంపావతి, కందివలస గెడ్డ, నాగావళి ఈ దారిలోనే సముద్రంలో కలుస్తాయి కదా, వాటిని ఎలా దాటుతాం అని మాత్రం ఒక్కడూ అడగలేదు. మ్యాపులో సన్నటి నీలిగీతలు కదా, గెంతేస్తారు కాబోలు.

నేనూ ఒకప్పుడు ఇలాంటి షీటు వేసినవాణ్ణే. అందుకే ఈ మంట.

రెండేళ్ళ కింద పున్నమి వెన్నెల్లో సముద్రం బావుంటుందని తేదీ పెట్టాం. తెల్లారకముందే లేచి, ఎనిమిదింటికల్లా చంపావతి మొగ దగ్గరికి, అంటే నది సముద్రంలో కలిసే చోటికి చేరాం. మోకాలి లోతే ఉంటుందని ఎవరో చెప్పారు. తీరా చూస్తే సముద్రం నదిలోకి ఎదురెక్కుతోంది. అవతలి ఒడ్డు అక్కడే కనిపిస్తోంది, దాటే దారి లేదు. వంతెన కావాలంటే తీరం వదిలేసి ఎంతో లోపలికి పోవాలి. వల బాగుచేసుకుంటున్న ఒక తాత మా ముఖాలు చూసి, "పున్నమి పోటు బాబూ ఇది. రాత్రి సందమామని సూడనేదేటి మీరు?" అన్నాడు. చూశాం తాతా, ఫొటోలు కూడా తీశాం. మధ్యాహ్నం దాకా సరుగుడు తోటలో కూర్చుని, నీరు తీశాక ఆయనే దాటించాడు. ఆ రోజు 30 కిలోమీటర్ల లెక్క 11 దగ్గర ఆగింది.

సంగతి చాలా చిన్నది. పున్నమికీ అమావాస్యకీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తాయి. అప్పుడు పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అష్టమి దగ్గర ఆ తేడా బాగా తగ్గిపోతుంది, ఒకట్రెండు రోజులు అలాగే ఉంటుంది. రోజుకి రెండు పోట్లు, మర్నాటికి అవి దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. ఇది తెలియడానికి యాప్ అక్కర్లేదు, వంటింటి గోడమీద తిథులున్న క్యాలెండర్ చాలు. తమాషా ఏంటంటే, అష్టమి, నవమి అంటే మా అమ్మ గడప దాటనివ్వదు. తీరం నడకకి మాత్రం అవే మంచి రోజులు.

మొగ ఎక్కడుందో కూడా ఈ ఏడాది మాట ఈ ఏడాదే. వానలకి తెగుతుంది, ఎండలకి ఇసుక మేట వేస్తుంది. శాటిలైట్ ఫొటో చూసి గీసిన దారి పనికిరాదు. ముందురోజు సాయంత్రం పక్క ఊళ్ళో పడవ వాళ్ళని అడగాలి, అంతే.

దసరా సెలవుల్లో పెట్టుకుందాం అన్న మహానుభావుడికి ఒక మాట. హుద్‌హుద్ విశాఖని కొట్టింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. చాలా? జనవరి, ఫిబ్రవరి చూడండి. ఆ రోజుల్లో తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి, కాబట్టి రాత్రిళ్ళు ఇసుకలో టార్చిలైట్ల తిరునాళ్ళ పెట్టకండి.

ఇంకోటి ఎవరూ చెప్పరు. మన తీరాన ఉత్తరానికి నడిస్తే సముద్రం ఎప్పుడూ కుడిచేతి వైపే. ఒడ్డు అటే వాలు. రోజంతా కుడికాలు పల్లంలో, ఎడమకాలు మెరకలో. రెండోరోజుకి తుంటి పట్టేస్తుంది. పొద్దుటి ఎండ కూడా అటే కాబట్టి నా కుడిచెవి మాత్రమే కాలి తోలూడింది. ఆఫీసులో వారం రోజులు అదే టాపిక్. ఈ ఇసుకలో రోజుకి 15 నడిస్తే గొప్ప. భీమిలి నుంచి కళింగపట్నం ముక్కుసూటిగా కొలిచినా 85 దాటుతుంది. కాబట్టి ఆరు రోజులు, లేదా సగం దూరం. సైకిళ్ళు తెస్తానన్న తమ్ముడూ, ఉప్పుగాలికి నీ చైను ఏమవుతుందో ఒకసారి ఆలోచించుకో.

నీళ్ళ సంగతీ అంతే. విశాఖ నుంచి భీమిలి పోయే దారిలో తొట్లకొండ మీద ఫొటోలు దిగనివాడు మనలో లేడు. ఆ పేరే రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చింది. రెండువేల ఏళ్ళ కింద కొండెక్కిన భిక్షువులకి నీళ్ళు ఎక్కడ దొరుకుతాయన్న చింత ఉంది. మన షీటులో పవర్‌బ్యాంకులకి ఒక కాలమ్ ఉంది గానీ, నీళ్ళకి లేదు.

సరే, కొత్త షీటు నేనే వేస్తున్నా. ఆరు రోజులు, అష్టమికి మొదలు. అమ్మకి మాత్రం దశమినాడు బయల్దేరుతున్నామని చెప్పా. ఎవరూ నోరు జారకండి.