మందుల షాపుల మీద తిరుగుతున్న ఆ వాట్సాప్ మెసేజ్‌కి నా జవాబు

ఏ గ్రూపు తెరిచినా అదే మెసేజ్. "మీ వీధిలో మందుల షాపు అసలు రంగు ఇదీ, డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు మీకు చెప్పని ఏడు నిజాలు, కనీసం పదిమందికి పంపండి" అని మొదలవుతుంది. పంపేవాళ్ళంతా చదువుకున్నవాళ్ళే, మంచి ఉద్దేశంతోనే పంపుతున్నారు, అది నాకూ తెలుసు. కానీ నిన్న మా బంధువుల గ్రూపులో ఒకావిడ "అయితే నా బీపీ మాత్రలు పారేయనా" అని అడిగింది చూశారా, అది చదివాక ఇంక ఊరుకోలేకపోయాను.

మొదటి పాయింటు, షాపు చిన్నగా ఉంటే లైసెన్సు దొంగదే అంట. రిటైల్ షాపుకి చట్టం అడిగేది 10 చదరపు మీటర్ల చోటు, అంతే. సందు చివర షాపుకీ అదే రూలు, అద్దాల షోరూముకీ అదే రూలు. ఇక ముందుకెళ్దాం.

రెండోది, షాపులో ఎక్స్‌పైరీ అయిన మందుల డబ్బా కనిపిస్తే అవి మనకి అంటగట్టడానికే అంట. ఆ డబ్బా మీద ఏం రాసి ఉందో చూశారా అసలు? కంపెనీకి వెనక్కి పంపాల్సిన ఎక్స్‌పైరీ సరుకుని అమ్మే సరుకుతో కలపకుండా విడిగా పెట్టి, డబ్బా మీద "అమ్మకానికి కాదు" అని కనపడేలా రాయాలని డ్రగ్స్ రూల్సే చెప్తున్నాయి. అలా విడిగా పెట్టినవాడు పద్ధతిగా చేస్తున్నట్టు. భయపడాల్సింది ఆ డబ్బా ఉన్న షాపు గురించి కాదు, పాత స్ట్రిప్పులు అరల్లోనే కలిసిపోయి ఉన్న షాపు గురించి.

నాలుగోది, స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉంటే "ప్రమాదకరమైన మందు, డాక్టర్ కమిషన్ కోసం రాసింది" అంట. ఎర్ర గీత అంటే డాక్టర్ చీటీ లేకుండా కొనొద్దు, సొంత వైద్యం చెయ్యొద్దు అని అర్థం. కమిషన్‌కీ దానికీ సంబంధమే లేదు.

మూడోది కావాలనే దాటేశాను, ఎందుకంటే నా కోపమంతా దాని మీదే. "క్యూఆర్ కోడ్ లేని మందు నకిలీ. వెంటనే ఆపేసి పారేయండి." ఈ ఒక్క లైను రాసినవాడికి తను ఎంతమంది ప్రాణాలతో ఆడుకుంటున్నాడో తెలుసా? 2023 ఆగస్టు 1 నుంచి క్యూఆర్ కోడ్ గానీ బార్‌కోడ్ గానీ తప్పనిసరి చేసింది 300 బ్రాండ్లకి. మూడు వందలు! మన దేశంలో షాపుల్లో తిరిగే బ్రాండ్లు వేలల్లో ఉంటాయి. ఆ లిస్టులో లేని మందు కోడ్ లేకుండానే వస్తుంది, అది చట్టప్రకారమే. లిస్టులో ఉన్న మందుకైనా స్ట్రిప్ మీద చోటు చాలకపోతే కోడ్‌ని బయటి అట్టపెట్టె మీద వెయ్యొచ్చు, షాపులో మీకు స్ట్రిప్ కత్తిరించి నాలుగు మాత్రలు ఇచ్చినప్పుడు ఆ పెట్టె షాపులోనే ఉండిపోతుంది, మరి మీ చేతిలో ఉన్నవి నకిలీ అయిపోయాయా?

ఇప్పుడు ఈ మెసేజ్ ఎవరికి చేరుతుందో ఆలోచించండి. పీహెచ్‌సీలో బీపీ మాత్రలు తెచ్చుకునే పెద్దాయనకి, జనరిక్ షాపులో షుగర్ మందు కొనుక్కునే అమ్మకి, పిల్లాడికి ఫిట్స్ మందు వేస్తున్న తల్లికి. వీళ్ళ చేతిలో స్ట్రిప్ మీద కోడ్ ఉండకపోవచ్చు. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ మళ్ళీ వస్తాయి, ఒక్కోసారి ఆగకుండా వస్తాయి. గుండెకి, బీపీకి వాడే బీటా బ్లాకర్లు ఉన్నట్టుండి మానేస్తే గుండెనొప్పి దాకా పోవచ్చు. నకిలీ మందు వల్ల జరిగే నష్టం గురించి భయపెడుతూ అసలు మందుని చెత్తబుట్టలో వేయించడం, ఇదేనా సేవ? పైగా కోడ్ ఉన్నంత మాత్రాన అసలుదేనని ఎలా నమ్ముతారు? పెట్టె, రేకు, రంగు అన్నీ అచ్చుగుద్దినట్టు కాపీ కొట్టినవాడికి ఆ నల్ల గళ్ళ చతురస్రం ముద్రించడం కష్టమా? స్కాన్ చేసి వచ్చిన బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ స్ట్రిప్ మీద ఉన్నవాటితో సరిపోతున్నాయా లేదా చూసుకుంటే కొంత ఉపయోగం, అంతవరకే.

నకిలీ మందులే లేవని నేనట్లేదు. 2024 మార్చిలో తెలంగాణలో డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళు, అంటే మందుల మీద తనిఖీలు చేసే ప్రభుత్వ శాఖ వాళ్ళు, పట్టుకున్న మాత్రల్లో మందే లేదు, సుద్దపొడి, గంజిపిండి, మీద కంపెనీ పేరు చూస్తే ఆ కంపెనీయే లేదు. కానీ అది బయటపడింది తనిఖీల వల్ల, శాంపిల్ తీసి ల్యాబ్‌లో చూడటం వల్ల. ఫార్వర్డుల వల్ల కాదు. మీకు నిజంగా అనుమానం ఉంటే ఆ మందుని మీరే టెస్టుకి పంపొచ్చు, 1940 డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం సెక్షన్ 26 అందుకే ఉంది, మామూలు మనిషి ఎవరైనా ఫీజు కట్టి గవర్నమెంట్ ఎనలిస్టు (మందుల్ని పరీక్షించే ప్రభుత్వ నిపుణుడు) దగ్గర పరీక్ష చేయించి రిపోర్టు తీసుకోవచ్చు. ఏడు నిజాలు అని పెట్టి ఈ ఒక్క నిజం రాయలేదు చూశారా. అనుమానం ఉన్న స్ట్రిప్ పారేయకుండా బిల్లుతో సహా దాచండి, డాక్టర్ని అడిగి వేరే షాపులో అదే మందు కొనుక్కోండి, మోతాదు మాత్రం ఒక్క పూట కూడా తప్పొద్దు.

ఐదోది కూడా తక్కువేం కాదు. షాపువాడు రిజిస్టర్లో మీ పేరు రాసుకుంటే రాయనివ్వకండి, మీ వివరాలు అమ్ముకుంటాడు అంట. అది షెడ్యూల్ హెచ్1 అనే లిస్టులో ఉన్న మందుల రిజిస్టరు బాబూ! సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్స్, టీబీ మందులు, ఆల్ప్రజోలమ్ లాంటి అలవాటు పడిపోయే మాత్రలు, వీటికి డాక్టర్ పేరు, చిరునామా, పేషెంటు పేరు, మందు, ఎన్ని ఇచ్చారు అన్నీ రాసి మూడేళ్ళు దాచాలి, 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు తీసి చూసే పుస్తకాల్లో ఇదొకటి. జలుబుకీ దగ్గుకీ యాంటీబయాటిక్స్ బఠాణీల్లా అమ్మడం ఆపడానికి పెట్టిన రూలు అది. మీరు పేరు చెప్పనని గొడవపడితే పద్ధతిగా ఉన్న షాపువాడు మందు ఇవ్వడు, పద్ధతి లేనివాడు ఇచ్చేస్తాడు, అప్పుడు ఎవరికి లాభం?

ఆరోది, ఇన్‌స్పెక్టర్లు శాంపిళ్ళు ఊరికే ఎత్తుకెళ్తారు, రిపోర్టులు ఎప్పుడూ బయటికి రావు అంట. ఇన్‌స్పెక్టర్ శాంపిల్‌కి తగిన ధర ఇవ్వజూపాలి, శాంపిల్ తీస్తున్నట్టు తెలిపే ఫారం 17 ఇవ్వాలి, షాపులో తీసిన శాంపిల్‌ని మామూలుగా నాలుగు భాగాలు చేసి సీలు వేసి ఒక భాగం షాపువాడికే వదలాలి. నాణ్యత తప్పిన మందుల లిస్టు బ్యాచ్ నంబర్లతో సహా సీడీఎస్‌సీఓ (మందుల మీద కేంద్ర ప్రభుత్వ నియంత్రణ సంస్థ) నెలనెలా పెడుతూనే ఉంది, చదివేవాళ్ళే లేరు. లంచాలు లేవా అంటే ఉన్నచోట ఉన్నాయి, నేను ఎవరికీ వకాల్తా తీసుకోను. ఒక ఇన్‌స్పెక్టర్ తన పరిధిలో ప్రతి షాపునీ ఏడాదికి ఒక్కసారైనా చూడాలని రూలు, అది ప్రతిచోటా జరగట్లేదని అడిగితే నేనూ మీతో గొంతు కలుపుతా. ఆ ప్రశ్న అడగండి ముందు.

ఏసీ సంగతి మొదటి పాయింటులోనే ఇరికించాడు, ఏసీ లేని షాపులో మందులు పనిచెయ్యవని. ఇందులో సగం నిజముంది. చాలా మందుల మీద 30 డిగ్రీల లోపు ఉంచాలని, కొన్నిటి మీద 25 లోపు అని రాసి ఉంటుంది, మే నెలలో రేకుల కప్పు కింద షాపులో ఎంత ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా. కానీ చూడాల్సింది మనకి చల్లగాలి తగులుతోందా లేదా అని కాదు. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఆ ఫ్రిజ్‌లో థర్మామీటర్ ఉందా, కరెంటు పోతే ఏర్పాటేంటి, రాత్రి షట్టర్ దించాక ఏసీ కూడా ఆపేస్తున్నారా, ఇవి అడగాలి. సరుకు తనదాకా రాకముందే చెడిందని షాపువాడు కోర్టులో తప్పించుకోవాలన్నా, లైసెన్సున్నవాళ్ళ దగ్గరే కొన్నానని, లోపం తనకి తెలియదని, సరిగ్గా నిల్వ చేశానని చూపించుకోవాల్సిందే.

ఇక చివరిది, ఏడోది. "గోడ మీద సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్లో మనిషి ఇంకొకరు." దీన్ని ఖండించను. ఇది నిజం, చాలాచోట్ల నిజం. చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్, లేదా ఆయన కళ్ళముందు ఇంకొకరు, 1948 ఫార్మసీ చట్టం నుంచీ ఉన్నమాటే. సర్టిఫికెట్ అద్దెకి ఇచ్చి ఇంట్లో కూర్చునేవాళ్ళు ఉన్నారు, రెండు మందులు పడనివి ఒకే చీటీలో ఉంటే పట్టుకోవాల్సిన మనిషే అక్కడ లేడు, నా లెక్కలో మొత్తం మెసేజ్‌లో ఇదే అన్నిటికంటే పెద్ద విషయం. దీన్ని ఏడో నంబరులో ఒక్క లైనుతో సరిపెట్టేశాడు. మీరు ఫార్వర్డ్ చెయ్యాలనుకుంటే ఈ లైనొక్కటే చెయ్యండి, ఈసారి మందులకి వెళ్ళినప్పుడు "ఫార్మసిస్ట్ గారు ఎవరండీ" అని అడగండి, బ్యాచ్ నంబరు వేసిన బిల్లు తీసుకోండి, రోజూ అడిగినా ఆ ఫార్మసిస్ట్ కనపడకపోతే డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి.